రూపాయి కట్టు విప్పుకున్న దుబాయ్ – షేక్ రషీద్ కథ

పోర్ట్ రషీద్, రషీద్ హాస్పిటల్, షేక్ రషీద్ టవర్... దుబాయ్‌లో కాలు పెట్టిన ప్రతి తెలుగువాడూ మొదటి నెలలోనే ఈ పేరు వింటాడు. కానీ ఆ పేరు వెనకున్న మనిషి గురించి అడిగితే, ఇప్పటి పాలకుడు షేక్ మొహమ్మద్ గారి తండ్రి అని చెప్పి ఊరుకునేవాళ్ళే మనలో ఎక్కువ. షేక్ రషీద్ బిన్ సయీద్ అల్ మక్తూమ్ జీవితంలో మన దేశానికీ, మన రూపాయికీ ఉన్న పాత్ర ఎంతో తెలిస్తే ఆశ్చర్యం కలగక మానదు. అల్ కుసైస్‌లో ఉండి ప్రతి నెలా ఊరికి డబ్బు పంపుకునే మనకైతే ఆ కథ తెలిసి తీరాలి.

ఇప్పుడెందుకు ఆయన ప్రస్తావన అంటారా? 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటేసినప్పటి నుంచి మన వాళ్ళ మధ్య ఒక వాదన నడుస్తూనే ఉంది. ఒక వాణిజ్య కూటమిని వదిలేసిన దేశం వ్యాపారం దెబ్బ తింటుందా, లేక చేతులకు కట్లు విప్పినట్టయి ప్రపంచమంతా అమ్ముకోగలుగుతుందా? ఈ చర్చలో అందరూ లండన్, బ్రస్సెల్స్ గురించే మాట్లాడతారు. మనం రోజూ నడిచే ఈ ఊరే ఒకప్పుడు ఒక పెద్ద కూటమిలోంచి బయటికి వచ్చింది. అది మన రూపాయి కూటమి!

షేక్ రషీద్ 1912లో పుట్టారు. అప్పటి దుబాయ్ ముత్యాల మీద బతికే చిన్న రేవు. ఆయన పుట్టకముందే, 1900ల మొదటి సంవత్సరాల్లో, తాతగారి తరం వాడైన షేక్ మక్తూమ్ బిన్ హషర్ ఒక తెలివైన పని చేశారు. పర్షియా తీరంలోని లింగే రేవులో అక్కడి ప్రభుత్వం సుంకాలు పెంచి, అధికారులను కూర్చోబెడితే, ఈయన ఇక్కడ సుంకం ఎత్తేసి ఆ వ్యాపారులను పిలిచారు. వాళ్ళు క్రీక్ ఒడ్డున స్థిరపడ్డారు. బస్తాకియా అని మనం ఫోటోలు తీసుకునే వీధులు అలా వచ్చినవే. బొంబాయి నుంచి వచ్చే బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు కూడా దుబాయ్‌లో ఆగడం మొదలైంది. అంటే సరుకుకు అడ్డం పెట్టిన రేవు పోగొట్టుకుంటుంది, దారి ఇచ్చిన రేవు సంపాదించుకుంటుంది అన్నది షేక్ రషీద్‌కు ఇంట్లోనే దొరికిన పాఠం.

ఆ రోజుల్లో గల్ఫ్ వ్యవహారాలను బ్రిటిష్ వాళ్ళు ఢిల్లీ, బొంబాయిల నుంచే నడిపేవారు. 1909లో దుబాయ్‌లో తెరిచిన పోస్టాఫీసు మన ఇండియన్ పోస్టాఫీసే, అంటించే స్టాంపులు మనవే. ఇక్కడి ముత్యాలు బొంబాయిలో అమ్ముడుపోయేవి. బియ్యం, బట్టలు, మసాలా దినుసులు అక్కడి నుంచే వచ్చేవి. బజారులో చెల్లే డబ్బు రూపాయి. ఈ రోజు దేరా స్పైస్ సూక్‌లో దుకాణదారు మనతో హిందీలో బేరమాడితే మనకు వింతగా ఉంటుంది గానీ, అది ఆ నాటి నుంచి వస్తున్న అలవాటే.

రషీద్ తండ్రి షేక్ సయీద్ మెత్తని మనిషి అని పేరు. తల్లి షేఖా హుస్సా బింత్ అల్ ముర్ మాత్రం వ్యాపారం తెలిసిన గట్టి మనిషి. సొంతంగా ఆస్తులు, వర్తకం నడిపేవారు, ఆమె మాటకు ఊళ్ళో విలువ ఉండేది. లెక్కలు చూసుకునే బుద్ధి ఆయనకు తల్లి నుంచే వచ్చిందని నాకనిపిస్తుంది.

ఆయన పదిహేడేళ్ళ వయసులో, 1929లో, ప్రపంచం ఆర్థిక మాంద్యంలో పడింది. దానికి తోడు జపాన్ వాళ్ళ పెంపకం ముత్యాలు మార్కెట్లోకి వచ్చాయి. సముద్రంలో ఊపిరి బిగబట్టి మునిగి తెచ్చే ముత్యానికి కొనేవాడు లేకుండా పోయాడు. ఒకే సరుకు, ఒకే మార్కెట్ మీద ఆధారపడిన ఊరు ఎలా కూలిపోతుందో ఆ కుర్రాడు కళ్ళారా చూశాడు. అప్పుల్లో పడిన వర్తకులు, కోపంతో ఉన్న బంధువులు 1938లో ఒక మజ్లిస్ ఏర్పాటు చేసి, రాబడిని తమ అదుపులో పెట్టమని షేక్ సయీద్‌ను ఒత్తిడి చేశారు. మరుసటి ఏడాది మార్చిలో, షేక్ రషీద్‌కు అబుదాబి పాలక కుటుంబానికి చెందిన షేఖా లతీఫాతో పెళ్ళి జరిగిన సందర్భంలోనే, దేరాలో తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. మజ్లిస్ కథ అక్కడితో ముగిసింది. ఆయన్ని పొగిడే వ్యాసాలు ఈ ఘట్టాన్ని దాటేస్తుంటాయి. అది న్యాయం కాదు. ఆ మజ్లిస్ కోరిన మునిసిపాలిటీ, బడులు, రేవు బాగుచేయడం లాంటివి తర్వాత ఆయన చేతుల మీదుగానే వచ్చాయి, అదీ నిజమే.

అప్పటి నుంచి తండ్రి పేరు మీద పాలన చూసింది ఎక్కువగా ఆయనే. 1958లో షేక్ సయీద్ కన్నుమూశాక అధికారికంగా పాలకుడయ్యారు. ఆయన ఆఫీసు ఎక్కడుండేదో తెలుసా? క్రీక్ ఒడ్డున కస్టమ్స్ భవనంలో! తెల్లవారుతూనే లేచి, జరుగుతున్న పనులన్నీ ఒక చుట్టు చుట్టి, ఆ తర్వాత మజ్లిస్‌లో కూర్చునేవారు. సరుకు దిగే చోటే రాజు కూర్చుంటే ఆ ఊరి పాలన ఎవరికోసం నడుస్తుందో వేరే చెప్పాలా.

మొదటి పెద్ద పని క్రీక్. ఇసుక మేట వేసి పడవలు లోపలికి రాలేని స్థితి. పెద్ద ఓడలు సముద్రంలోనే ఆగి సరుకును చిన్న పడవల్లోకి దించాల్సి వచ్చేది. బ్రిటిష్ ఇంజనీరింగ్ సంస్థ హాల్‌క్రో చేత సర్వే చేయించి, కువైట్ నుంచి అప్పు తెచ్చి, స్థానిక వర్తకుల నుంచి కూడా డబ్బు సేకరించి పూడిక తీయించారు. తవ్విన మట్టితో ఒడ్డున పల్లపు నేల మెరక చేసి అమ్మితే ఆ అప్పులో కొంత తీరింది. చమురు చుక్క దొరకకముందు, ఖజానా ఖాళీగా ఉన్నప్పుడు చేసిన పని ఇది. పక్కనే ఉన్న షార్జా క్రీక్ మాత్రం మేట వేసుకుపోయింది. అక్కడి వర్తకం చాలావరకు ఇటు జరిగింది. అల్ కుసైస్ మేడల మీద నుంచి చూస్తే షార్జా ఎంత దగ్గరో మనకు తెలుసు. రెండు రేవుల మధ్య అంత కొంచెం దూరంలో అదృష్టం అటు నుంచి ఇటు మారింది.

ఇక రూపాయి దగ్గరికి వద్దాం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా గల్ఫ్‌లో భారత రూపాయే చెలామణి అయ్యేది. మన దగ్గర బంగారం దిగుమతి మీద ఆంక్షలున్నాయి. దుబాయ్‌లో లేవు. లండన్ నుంచి చట్టబద్ధంగా దుబాయ్‌కి వచ్చిన బంగారం ధౌ పడవల్లో మన పడమటి తీరానికి దొంగచాటుగా చేరేది. దానికి ధరగా రూపాయి నోట్లు కట్టలు కట్టలుగా ఇక్కడికి వచ్చేవి. ఇక్కడి బ్యాంకులు ఆ నోట్లను తిరిగి మన రిజర్వ్ బ్యాంకుకు ఇచ్చి పౌండ్లు అడిగేవి. అంటే మన పెళ్ళిళ్ళలో మెరిసిన బంగారానికి ఢిల్లీ తన విదేశీ మారకంతో బిల్లు కట్టిందన్నమాట. రెండో పంచవర్ష ప్రణాళిక రోజుల్లో విదేశీ మారకానికి ఎంత కటకటగా ఉండేదో పెద్దవాళ్ళను అడగండి.

దీనికి అడ్డుకట్టగా 1959లో, మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా, మన ప్రభుత్వం గల్ఫ్ కోసమే ప్రత్యేక నోట్లు తెచ్చింది. మన నోట్ల బొమ్మే, రంగు వేరు, నంబరు ముందు జెడ్ అక్షరం. ఇవి ఇండియాలో చెల్లవు, గల్ఫ్‌లోనే చెల్లుతాయి. వీటినే గల్ఫ్ రూపాయలు అన్నారు. విలువ మాత్రం మన రూపాయితో సమానం. కువైట్ 1961లో దినార్ తెచ్చుకుని ముందుగా బయటపడింది. బహ్రెయిన్ 1965లో ఆ దారే పట్టింది. దుబాయ్, ఖతార్ కలిసి 1966 మార్చిలో ఉమ్మడి కరెన్సీ బోర్డు పెట్టుకుందామని ఒప్పందం రాసుకున్నాయి. ఖతార్ పాలకుడు షేక్ అహ్మద్ బిన్ అలీ ఈయన అల్లుడే. అంతకుముందు మక్తూమ్ బ్రిడ్జి కట్టడానికి డబ్బు సర్దింది కూడా ఆయనే. మామా అల్లుళ్ళ డబ్బు సంబంధం నోట్ల దాకా వెళ్ళిందన్నమాట!

కొత్త నోట్లు అచ్చయ్యేలోపే దెబ్బ పడింది. 1966 జూన్ 6న ఇందిరా గాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరుకు 4.76 రూపాయలు ఉన్నది 7.50 అయింది. పెట్టెలో వెయ్యి గల్ఫ్ రూపాయలు దాచుకున్నవాడి డబ్బు తెల్లవారేసరికి దాదాపు 635 రూపాయల పాత విలువకు పడిపోయింది. ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు దుబాయ్ వర్తకుణ్ణి ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా ఢిల్లీకి లేదు. ఇంకొకరి కరెన్సీలో బతికేవాడి పరిస్థితి ఎప్పుడూ ఇంతే.

షేక్ రషీద్ తాత్సారం చేయలేదు. ఖతార్‌తో పాటు దుబాయ్ తాత్కాలికంగా సౌదీ రియాల్‌ను చెలామణిలోకి తెచ్చింది. ఆ సెప్టెంబరులో ఖతార్-దుబాయ్ రియాల్ వచ్చింది. నోటు మీద ధౌ పడవ, ఆయిల్ డెరిక్, ఖర్జూరపు చెట్టు. కొత్త రియాల్ విలువను తగ్గింపుకు ముందున్న పాత రూపాయి విలువ దగ్గరే నిలబెట్టారు. అబుదాబి మాత్రం బహ్రెయిన్ దినార్ వైపు వెళ్ళింది. మరుసటి ఏడాది, 1967 నవంబరులో, బ్రిటన్ కూడా పౌండు విలువ తగ్గించింది. ఈసారి దుబాయ్ రియాల్ కిందికి దిగలేదు. ఒక ఏడాదిన్నరలో రెండు పెద్ద కరెన్సీలు జారిపోతే ఈ చిన్న రేవు డబ్బు నిలబడింది.

మరి వ్యాపారం ఏమైంది? కూటమి వదిలితే వర్తకం పడిపోవాలి అన్న లెక్క ప్రకారం దుబాయ్ చతికిలబడాలి. అలా జరగలేదు. ఇండియాతో వర్తకం ఆగలేదు, ఇరాన్, పాకిస్తాన్‌లకు రీ-ఎక్స్‌పోర్టు పెరిగింది. గడియారాలు, బట్టలు, రేడియోలు జపాన్, యూరప్‌ల నుంచి వచ్చి ఇక్కడి నుంచి చుట్టుపక్కల దేశాలకు వెళ్ళేవి. 1970 నాటికి దుబాయ్ ఏడాదికి 200 టన్నులకు పైగా బంగారం దిగుమతి చేసుకునే స్థాయికి చేరింది. అదే 1966లో సముద్రంలో ఫతే చమురు క్షేత్రం బయటపడింది కాబట్టి ఇదంతా చమురు మహిమ అనేవాళ్ళున్నారు. కానీ చమురు ఎగుమతి మొదలైంది 1969లో. ఆ మధ్య మూడేళ్ళూ ఊరిని నిలబెట్టింది వర్తకమే.

ఇక్కడే బ్రెగ్జిట్ వాదనకు సంబంధించిన అసలు విషయం ఉంది. దుబాయ్ వదిలింది డబ్బును, దారిని కాదు. రూపాయిని వదిలిన మర్నాడు కూడా క్రీక్‌లో పడవకు కొత్త ఫారం లేదు, కొత్త తనిఖీ లేదు, సుంకం పెరగలేదు. కొనేవాడు, అమ్మేవాడు ముందు రోజు వాళ్ళే. పైగా విలువ ఊగిసలాడే నోటు పోయి నిలకడైన నోటు వచ్చింది. బ్రిటన్ విషయంలో ఇది తలకిందులు. వాళ్ళ పౌండు ఎప్పుడూ వాళ్ళదే, యూరో తీసుకోనేలేదు. 2020 చివర వాళ్ళు వదిలింది ఒకే మార్కెట్‌ను, ఉమ్మడి కస్టమ్స్‌ను. సుంకం లేని ఒప్పందం చేసుకున్నా సరిహద్దు దగ్గర డిక్లరేషన్లు, సరుకు ఎక్కడిదో రుజువు చేసే కాగితాలు, ఆహార పదార్థాలకు సర్టిఫికెట్లు వచ్చి పడ్డాయి. యూనియన్‌లోనే ఉండి ఉంటే జరిగే దానికన్నా ఎగుమతులు, దిగుమతులు రెండూ దీర్ఘకాలంలో 15 శాతం తక్కువగా ఉంటాయని బ్రిటన్ ప్రభుత్వ బడ్జెట్ బాధ్యతల కార్యాలయమే అంచనా వేసింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు చెప్పాలంటే, దుబాయ్ డేటాబేస్ మార్చింది గానీ ఇంటర్‌ఫేస్ ముట్టుకోలేదు. బ్రిటన్ ఇంటర్‌ఫేసే మార్చింది, కస్టమర్లందరూ కోడ్ తిరగరాసుకోవాల్సి వచ్చింది.

మన తెలంగాణ పాఠకులకు ఇంకో దగ్గరి ఉదాహరణ ఉంది. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా వేరు, బ్రిటిష్ ఇండియా కల్దార్ రూపాయి వేరు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్‌తో సమానం. కానీ మన తాతలు ఎక్కువగా తిట్టుకున్నది ఆ మారకం లెక్కను కాదు, సరిహద్దులో కరోడ్‌గిరి నాకాను. డబ్బు వేరైతే లెక్క వేసుకుంటాం. బండి ఆపితేనే వ్యాపారం చస్తుంది.

అలాగని వదలడం వల్ల నష్టపోయినవాళ్ళు లేరని కాదు. పొదుపంతా రూపాయల్లో దాచుకున్న కుటుంబాలు, రూపాయల్లో బాకీ రావాల్సిన చిన్న వర్తకులు ఎక్కువ దూరంలో ఉన్నకొద్దీ ఎక్కువ ఇబ్బంది పడి ఉంటారు. చరిత్ర పుస్తకాల్లో రాజులు, రేవులు ఉంటాయి, పెట్టె అడుగున మిగిలిపోయిన నోట్లు ఉండవు.

షేక్ రషీద్ కూటములకు వ్యతిరేకి అనుకుంటే పొరపాటే. 1968 జనవరిలో బ్రిటిష్ వాళ్ళు గల్ఫ్ వదిలి వెళ్తామని ప్రకటించగానే, ఫిబ్రవరి 18న అబుదాబి పాలకుడు షేక్ జాయెద్‌తో ఎడారిలో కలిసి రెండు రాజ్యాలనూ ఒక్కటి చేయడానికి చేయి కలిపారు. 1971 డిసెంబరు 2న యూఏఈ ఏర్పడింది, ఈయన ఉపాధ్యక్షుడయ్యారు. ఖతార్, బహ్రెయిన్ విడిగా ఉండిపోయాయి. 1973 మే 19న దిర్హమ్ వచ్చింది, దుబాయ్ రియాల్‌కు సరిగ్గా ఒకటికి ఒకటిగా. మనం ఇప్పుడు జీతం తీసుకునే దిర్హమ్‌కు తండ్రి ఖతార్-దుబాయ్ రియాల్, తాత మన రూపాయి అని చెప్పుకోవచ్చు.

అయితే కూటమిలో చేరినా షరతులు వదులుకోలేదు. ఫెడరేషన్‌లో అన్నీ కేంద్రం చేతికి ఇవ్వాలని 1979లో గట్టి ఒత్తిడి వచ్చినప్పుడు దుబాయ్ ఒప్పుకోలేదు. రేవులు, కస్టమ్స్ మీద తన పట్టు తనకే ఉండాలన్నది ఆయన పంతం. కువైట్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరి, ఆయనే దేశ ప్రధానమంత్రి అయ్యారు. బయటికి పోతానని బెదిరించి లోపల మెరుగైన స్థానం సంపాదించడం ఒక కళ! ఆ పని బ్రిటన్ నాయకులకు చేతకాలేదన్నది నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

ఈలోగా రేవులు పెరుగుతూనే ఉన్నాయి. నాలుగు బెర్తులతో అనుకున్న పోర్ట్ రషీద్ 1972 నాటికి పదహారుకు చేరింది. 1975లో షిందగా టన్నెల్. 1979లో డ్రైడాక్స్, ట్రేడ్ సెంటర్, జెబెల్ అలీ రేవు. జెబెల్ అలీ కడుతున్నప్పుడు ఊరికి అంత దూరంలో, ఆ ఇసుకలో అంత పెద్ద రేవు ఎందుకని నవ్వినవాళ్ళు చాలామందే. తీరా 1985లో అక్కడ ఫ్రీ జోన్ పెట్టి, విదేశీయులకు నూరు శాతం యాజమాన్యం ఇచ్చాక ఆ నవ్వులు ఆగిపోయాయి.

ఆ ఫ్రీ జోన్ వచ్చేనాటికి ఆయన మంచంలో ఉన్నారు. 1981లో జబ్బుపడ్డాక పగ్గాలు కొడుకులు మక్తూమ్, హందాన్, మొహమ్మద్‌ల చేతికి వచ్చాయి. గల్ఫ్ సహకార మండలి, అదే జీసీసీ, పుట్టింది కూడా ఆ ఏడాదే. 1983లో భార్య షేఖా లతీఫా మరణం ఆయన్ని బాగా కుంగదీసింది. జీసీసీ దేశాలన్నీ ఒకే 5 శాతం సుంకంతో కస్టమ్స్ యూనియన్‌గా ఏర్పడటం 2003లో జరిగింది. అప్పటిదాకా ఇక్కడ చాలా సరుకుల మీద 4 శాతమే ఉండేది. తక్కువ సుంకంతో పేరు తెచ్చుకున్న ఊరు కూటమి కోసం ఒక శాతం పెంచుకోవడానికి ఆయన ఒప్పుకునేవారో లేదో! ఫ్రీ జోన్ సరుకుకు సుంకం లేదు కాబట్టి బహుశా ఒప్పుకునేవారే.

షేక్ రషీద్ 1990 అక్టోబరు 7న కన్నుమూశారు. అదే ఏడాది మన దేశంలో బంగారం నియంత్రణ చట్టాన్ని రద్దు చేశారు. 1963లో మొదలైన ఆ నియంత్రణ ఎందరో కంసాలుల పొయ్యి ఆర్పింది, ధౌ పడవల వాళ్ళ పంట పండించింది. 1992లో ఎన్నారైలు సుంకం కట్టి 5 కిలోల దాకా బంగారం తీసుకెళ్ళవచ్చని అనుమతి వచ్చింది. అప్పటి నుంచి రాత్రిపూట పడవలో దాగి వెళ్ళే సరుకు పగటి పూట విమానంలో, రసీదు జేబులో పెట్టుకుని ప్రయాణం చేయడం మొదలుపెట్టింది. దేరా గోల్డ్ సూక్‌లో చెల్లెలి పెళ్ళికి గొలుసు కొనుక్కుని ఎయిర్‌పోర్టుకి బయలుదేరే మన కోనసీమ కుర్రాడు, కరీంనగర్ కుర్రాడు ఆ కొత్త వర్తకంలో భాగస్థులే.